గ్రేడింగు

సువార్తమ్మ రేకుపెట్టె మూతకి లోపలివైపు
ఒక రాజు ఉండేవాడు.
మైదాజిగురుతో అతికించిన రాజు,
అంచులు పురుగు కొరికిన రాజు.

గుంటూరులో, చుట్టుగుంట దగ్గర పొగాకు కంపెనీలో
రోజుకి నాలుగణాల కూలి మా అమ్మమ్మ.
దొర చదివి పారేసిన ఇంగ్లీషు పేపర్లు
ఊడ్చే మనిషి కట్టగట్టి బయటికి తెస్తే
పెట్టెలో పరుచుకోడానికని రెండు అడిగి పుచ్చుకునేది.
అట్లా వచ్చాడు, ఎక్కడో బాల్కన్ కొండల నుంచి
మా ఇంటి ఘాటులోకి
ఆ పందొమ్మిదేళ్ళ కుర్రాడు.

"కిరీటం వదులైంది చూడు బిడ్డకి,
చెవులు మోస్తన్నాయి దాన్ని."

అక్షరం రాదు ఆమెకి. ఆకు వచ్చు.
కాడ పట్టుకుని వెలుతురుకి తిప్పితే చాలు
ఏ నేలలో పెరిగింది, ఏ వానకి తడిసింది,
బ్యారన్ కింద మంటేసేవాడు ఏ జామున కునుకు తీశాడు,
అన్నీ చెప్పేది.
రాజునీ అట్లాగే తిప్పి చూసింది.

ఆరేళ్ళకి రెండో బొమ్మ.
కొత్త రైలుపెట్టె ముందు నిలబడ్డాడు, మీసం వచ్చింది,
భుజాల మీద జరీ, ఛాతీ నిండా బిళ్ళలు,
వేళ్ళ సందున సిగరెట్టు.
"మన ఆకే అయ్యుంటదిరా" అని నవ్వి, దగ్గి,
మళ్ళీ వంగి చూసి
"ఈడు నిద్రపోటంలా. కళ్ళ కింద మచ్చలు.
పైన బంగారం రంగు, ఈనెలో తడి.
ఇట్టాంటి ఆకు బేలులో పెడితే
పక్క ఆకులక్కూడా బూజు."

నేను ఏసీ కాలేజీలో చేరిన ఏడు
ఆ బొమ్మల కింది చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను.
ఏడాదిలో నలుగురు ప్రధానమంత్రులని మార్చాడట.
నలభై మైళ్ళ రైలుదారి వేసి
దానికి తల్లి పేరు పెట్టాడట.
ఆ తల్లి కాచిన కాఫీ తప్ప
ఇంకెవరి చేతి కాఫీ ముట్టడట.
పొరుగు దేశాలు మూడు, ముగ్గురికీ మూడు మాటలిచ్చాడట.
అమ్మమ్మ వక్క కొరుకుతూ విన్నది.
"చెప్పానుగా, తడి" అంది.

మూడో బొమ్మలో వాన.
రేవు, పడవ, రాజు చేతిలో తోలుపెట్టె ఒకటి.
తల మీద ఏమీ లేదు.
రాజ్యం పద్నాలుగేళ్ళు. ముగింపు నాలుగు వాక్యాలు,
పక్కనే సబ్బు ప్రకటన దానికన్నా పెద్దది.

ఆ పేపరు దొరికిన వారమే
కూలి ముప్పావలా పెంచమని అడిగిన పాపానికి
ఇరవైమంది ఆడవాళ్ళని గేటు బయట నిలబెట్టారు.
అద్దె కట్టలేక రైలుపేట గది ఖాళీ చేసి
ఇదే పెట్టె నెత్తిన పెట్టుకుని, మా అమ్మని చంకనేసుకుని
పట్టాల వెంట నడిచింది సువార్తమ్మ.
పెట్టెలో రెండు చీరలు, ఒక బైబిలు,
మూడు చోట్ల ఒకే రాజు.
తన దేశంలో ఎవరూ మొయ్యని వేళ
మోసిందంటే ఈమే మోసింది,
తెలియక.

తర్వాత ఏమయ్యాడో ఏ కాగితమూ చెప్పలేదు.
నేనూ వెతకలేదు. అప్పటికి నాకు పరీక్షలు.

ఆమె మాత్రం ఒకే ఒక్కటి అడిగింది, మూడో బొమ్మ మీద వేలు పెట్టి.
రాజు పక్కన, అరడుగు వెనక
గొడుగు పట్టుకున్న మనిషి.
గొడుగంతా రాజు మీదే ఉంది,
వాడి భుజం నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఈడి పేరు రాశారా?"
రాయలేదమ్మమ్మా.
"పడవెక్కించుకున్నాడా ఈణ్ణి?"
తెలీదు.

చాలాసేపు చూసింది. కాయితాన్ని వెలుతురుకి తిప్పింది.
"మంచాకు" అంది,
పెట్టె మూసింది.