పేరు గడి ఖాళీ

రాయదుర్గంలో తొమ్మిదో అంతస్తు.
కిటికీ అద్దం మీద వాన,
కింద ఫ్లైఓవర్ పొడుగునా బ్రేక్ లైట్ల ఎర్ర దండ.
నా తెర మీద
ఇంకా పుట్టని ఒక దవాఖాన.

నాగోలు అవతల, బండ పగలగొట్టిన గుంతలో
దాని అసలు ఒళ్లు ఇప్పుడిప్పుడే నడుం దాకా లేచింది.
నా దగ్గర మాత్రం ఎప్పుడో పూర్తయింది.
రెండు వేల మూడు వందల పద్దెనిమిది తలుపులు.
ప్రతి తలుపుకూ ఒక నంబరు, ఒక ఎత్తు, ఒక ధర,
మంటను ఎన్ని నిమిషాలు ఆపగలదో ఒక లెక్క.

నా పని చెరగడం.
చాటలో బియ్యం పోసి ఎగరేసినట్టు
నాలుగో అంతస్తు అని నొక్కుతా,
మిగతావన్నీ పొట్టులా తేలిపోతాయి.
గంటసేపు మంటకు ఆగేవి అని నొక్కుతా,
గోడలు పొగమంచై
గాలిలో తలుపులే మిగులుతాయి వరసగా,
ఏ ఇంటికీ చెందనట్టు.
ఒక్క రంగు పట్టీని తాకితే చాలు
పైపులు లేచి నిలబడతాయి, లేదా పడకలు,
లేదా చేతులు కడుక్కునే తొట్లన్నీ ఒకేసారి.
మొదట్లో భయమేసేది.
అంత పెద్ద కట్టడం చూపుడువేలి మాట వింటుంటే
తర్వాత్తర్వాత కొంచెం పొగరు కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

శుక్రవారానికి ఖాళీలు సున్నా కావాలన్నారు కౌండిన్య సార్.
ఖాళీ అంటే, పేరు గడిలో ఏమీ రాయని గది.
సోమవారం నూట నలభై.
బుధవారం పంతొమ్మిది.
ఇవాళ పొద్దుగూకేసరికి ఒకటి.

నాలుగో అంతస్తు, రెండు వందల పదిహేడు.
వైశాల్యం మూడు పాయింట్ ఒకటి చదరపు మీటర్లు.
తలుపు లేదు. కిటికీ ఉంది.
లిఫ్టు గోడకూ మెట్ల మలుపుకూ నడుమ
జాకెట్టు కత్తిరించాక మిగిలిన పేలిక.

సైటుకు ఫోన్ చేశా.
కరెంటు పని చూసే జహంగీర్ భాయ్ ఎత్తాడు, వెనక రేకుల మీద వాన.
"అది రూమ్ కాదు మేడమ్, మిగిలిపోయిన జాగ.
మా పోరగాళ్లు ఆడనే కూసొని తింటరు.
గాలి మంచిగొస్తది."

స్టోర్ అని కొట్టేస్తే అయిపోయేది.
ఇప్పటికే డెబ్బై ఆరు స్టోర్లు ఉన్నాయి, డెబ్బై ఏడోది ఎవరు చూస్తారు?
మొదటి అక్షరం దగ్గరే వేలు ఆగింది.

మా చిన్నమ్మ అనసూయ
పేట్లబురుజు దవాఖానలో ఇరవై ఆరేళ్లు ఆయా.
మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి మెట్ల మీద కూర్చునేది.
స్ట్రెచర్ వస్తే లేచేది, పోతే కూర్చునేది.
"ఒక్క ముద్దకు మూడుసార్లు లేచిన దినాలున్నయి బిడ్డా,"
అనేది నవ్వుకుంటూ,
మోకాళ్లకు బామ్ రుద్దుకుంటూ.
ఆ మెట్టు ఏ నక్షాలోనూ కూర్చునే చోటు కాదు.

రాశాను: ఆయాలు కూర్చునే జాగా.

రిఫ్రెష్ చేశా. ఖాళీలు సున్నా.
కానీ గదుల రకాల గుండ్రటి పటంలో
వార్డుల ఆకుపచ్చకూ ఆపరేషన్ గదుల నీలానికీ మధ్య
వెంట్రుక మందాన ఒక కొత్త గీత.
రంగు యంత్రమే ఎంచుకుంది,
కనకాంబరం.

శుక్రవారం గోడంత తెర మీద
ఆసుపత్రి తరఫు మనిషి కళ్లద్దాలు సర్దుకుని
"ఆ గీత ఏంటి, పొరపాటా?" అన్నాడు.
కౌండిన్య సార్ నా వైపు చూశారు.
నేనేం చెప్పలేదు. మౌస్ కదిపి దాని మీద నొక్కా.

అరవై వేల చదరపు మీటర్లు తప్పుకున్నాయి.
నల్లటి తెర నడుమ
కిటికీ ఉన్న ఒక చిన్న పెట్టె,
మోకాళ్లు ముడుచుకుంటే ముగ్గురు పడతారు.

ఏసీ చప్పుడు కొంతసేపు.
తర్వాత ఆ చివర కుర్చీలోంచి ఎవరో
"బెంచీ పడుతుందా అందులో?"

కొలిచి చూడాలి, అన్నాను.