కోటు

నాలుగు కొట్టగానే సిన్యోరా ఫిలొమేనా
తన ఇంట్లోనే కూర్చుని
"ఇంటికి తీసుకెళ్ళవే" అంటుంది.
అరవై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లే అది.

మొదట్లో వాదించేదాన్ని, వచ్చీరాని ఇటాలియన్లో:
ఇదేగా, ఇదిగో మీ కుర్చీ, అదిగో మీ ఆయన ఫోటో.
ఇప్పుడు వాదించను. కోటు తొడుగుతాను.
జాలర్లు ఆక్టోపస్‌ని బండకేసి బాదే
బారి రేవుదాకా నడిపించి
బేకరీ సందులోంచి తిరిగొచ్చి
అదే తలుపు తీస్తాను.
"హమ్మయ్య, వచ్చేశాం"
చెప్పులు విడుస్తుంది.

నా చేతికి రెండు గడియారాలు.
ఒకటి కుతైసీది. అక్కడ ఏడు.
మా చెల్లెలు ఇయామ్జె రొట్టెల పొయ్యి ఆర్పే వేళ.
పుల్ల ప్లమ్ పచ్చడి, ఆఖరి జాడీ తెరిచిందట.
ఊరిన నోటిని మింగి
"ఇక్కడంతా కులాసా" అన్నాను.

నిన్న వాన. బయటికి కదల్లేదు.
కిటికీ దగ్గర నన్నే చూస్తూ అడిగింది:
"మరి నీ ఇల్లో? దూరమా?"
"దూరమే."

లేచింది. గోడ పట్టుకుని
కొక్కెం దాకా వెళ్ళింది.
నా కోటు తెచ్చి, వణికే వేళ్ళతో
గుండీలన్నీ తప్పు కాజాల్లో పెట్టింది.

"పద.
చీకటి పడితే మీ వాళ్ళు కంగారు పడతారు."