రెండు కొమ్ముల గుట్ట

ఎనిమిదో తరగతి. తిండిగంటకు ముందటి పీరియడు.
బోర్డు మీద రెండు కొమ్ముల గుట్ట గీసిన.
ఎడమకు శిలువ, కుడికి నెలవంక.
హత్తీన్ అని రాసి,
పదకొండు వందల ఎనభై ఏడు, జూలై అని రాసి
సుద్దచెయ్యి ప్యాంటుకు తుడుసుకున్న.

మర్రిగూడ దాటినంక మట్టితొవ్వల బడి మాది.
కిటికీ అవతల కూడ గుట్టే,
దానికీ రెండు తలకాయలే.
పిల్లలకు దేశం మారినట్టే అనిపియ్యలేదు.

మరియదాసు నిటారుగ కూసున్నడు,
బోర్డు మీది శిలువ వాళ్ళింటిదైనట్టు.
పక్కన లాల్‌మియా కొడుకు జహంగీరు
అంగీ గుండీలు సర్దుకుండు.
ఇద్దరికి కలిపి ఒక్కటే జామెట్రీ డబ్బ,
అండ్ల వృత్తలేఖిని మూడేండ్ల కిందనే పోయింది.

చెప్పుకుంట పోయిన.
రాజు దండు దిగిన చోట ఊటలుండె, నీడ ఉండె.
ఈడనే ఉందమని కొందరన్నరు. రాజు మనసు నిలువలే.
తెల్లారకముందే కదిలిన్రు,
ఇనుప అంగీలు, ఇనుప టోపీలు, జూలై ఎండ.
తొవ్వల సుక్క నీరు లేదు.
సుల్తాను దండుకు మాత్రం
ఒంటెల మీద తోలుసంచులు వస్తనే ఉన్నయి.
రాత్రి ఎండుగడ్డికి నిప్పు పెట్టిన్రు.
గాలి వాళ్ళ దిక్కే.
ఎండిన గొంతుల్లకు పొగ.

గుట్టెక్కితే చెరువు కనబడుతది, అన్న.
సముద్రమని పిలిచేటంత చెరువు.
కనబడుతది. అంతే.

ఎవ్వరు దగ్గలేదు కూడ.
జహంగీరు గుండీల మీంచి చెయ్యి తీసిండు.

"ఆఖరుకు ఓడినోళ్ళకు నీళ్ళిచ్చిన్రా సార్?" మరియదాసు.
"రాజుకు ఇచ్చిండు సుల్తాను. మంచు కలిపిన నీళ్ళు."
"మిగిలినోళ్ళకు?"
పుస్తకం తిరగేసిన. పుస్తకంల మిగిలినోళ్ళు లేరు.

అప్పుడు లేచింది అండాలు.
లేవాలంటే అది బల్ల పట్టుకోవాలె,
మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతయి.
"సార్, ఆ చెర్ల నీళ్ళు మంచియేనా?
తాగితే పండ్లు పచ్చగ అయితయా?"

ఎవ్వరు నవ్వలే.
ఇరవై ఏండ్ల సంది పెదవి తెరవకుండ నవ్వుడు నేర్చినోణ్ణి,
నాలుకతోని ముందటి పండ్లు తడుముకున్న.
"మంచియే" అన్న.
నాకెట్ల తెలుసని అది అడగలేదు.

బడి వదిలినంక
మాల్ రోడ్డు పక్కన పడుకున్న పెద్ద పైపు కాడ
నా సైకిలు ఆపిన.
మనిషెత్తు పైపు. కిట్టమ్మ దాంట్ల పట్నం పోతది.
మరియదాసు చెవి ఆనిచ్చిండు, జహంగీరు చెవి ఆనిచ్చిండు,
అండాలు మోచేతులతో వాలి, కండ్లు మూసుకొని.
ఎండకు కాలిన ఇనుము,
అయినా ఎవ్వరు చెంప తియ్యలే.
"ఉరుకుతున్నయి సార్" అన్నడు జహంగీరు మెల్లగ,
లోపలున్నోళ్ళు వింటరేమో అన్నట్టు.

నేను చూసుకుంట నిలబడ్డ.
ఒక్క లారీ పోయింది,
దాని దుమ్ము అందరి మీద ఒక్కతీరుగనే పడ్డది.

పరీక్షల ఆ పాఠం నుంచి రెండు మార్కుల ప్రశ్న వచ్చింది:
హత్తీన్ యుద్ధంలో ఎవరు విజయం సాధించారు?
ముప్పై ఒక్క మంది కరెక్టుగ రాసిన్రు.
అండాలు రాసింది,
వంకర అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు:
నీళ్ళకు దగ్గర ఉన్నవాళ్ళు.

జవాబుల కాగితంల అది లేదు.
ఒకటిన్నర వేసిన.
ఆ అర మార్కు ఎందుకు కోసిన్నో
ఇయ్యాలటిదాక నాకు తెల్వది.