పేర్కొనని అడ్డం

చార్టులో నేను ముందు చివరి పేజీ చూస్తాను.
మనిషి బతికాడని తెలిస్తే
మిగతా పేజీల మీద చెయ్యి వణకదు.

డిశ్చార్జి: ఇంటికి. సున్నా ఒకటి.
ఇల్లంటే సజ్జా క్యాంపు, గది పద్నాలుగు, పై మంచం.
దాన్నీ ఇల్లనే రాయాలి.

పేరు గుండారపు లింబాద్రి. వయసు నలభై ఒకటి.
ఇనుప చువ్వలు వంచే పని.
భాష అన్న గడిలో ఎవరో హిందీకి టిక్కు పెట్టారు.

డాక్టర్ మగ్దీ రాసింది: అతుకుల వల్ల పేగులో అడ్డం.
పూర్తిగానా, కొంతవరకా, రాయలేదు.
కె యాభై ఆరు పాయింటు ఐదు,
ఆ తర్వాతి అంకె దగ్గర ఆగిపోయాను.
సున్నా అయితే పేర్కొననిది. ఒకటి కొంత. రెండు పూర్తి.
సున్నా వేసిన ఫైలు పోయిన నెల తిరిగొచ్చింది,
అంత అర్ధరాత్రి కొయ్యాల్సిన తొందరేమిటని
ఇన్సూరెన్సు వాళ్ళ ప్రశ్నతో.

ఆపరేషను మాత్రం బాగా రాశాడాయన:
పాత అపెండిక్సు మచ్చ కింద తీగలాంటి అతుకు,
దాని కింద చిక్కుకుని నల్లబడుతున్న పేగు.
కోసి వదిలాం. వెచ్చని సెలైన్లో తడిపిన గుడ్డ కప్పి
పది నిమిషాలు ఊరికే చూశాం.
రంగు తిరిగొచ్చింది.

పేగుబంధమని మనం దేన్నంటామో
ఆయనకి తెలిసే వీల్లేదు.

సున్నా. ఒకటి. రెండు.
ఆరో అంతస్తు కిటికీ కింద అల్ నహ్దా రోడ్డు మీద
దుబాయి వైపు బళ్ళు అంగుళం అంగుళం జరుగుతున్నాయి.
అది మాత్రం ఖాయంగా ఒకటి.

అప్పుడు కనబడింది నర్సు జిన్సీ నోటు,
రాత్రి రెండూ ఇరవైకి రాసింది.
రోగి ఒకే మాట పదేపదే అంటున్నాడు, అర్థం కావడం లేదు,
విన్నది విన్నట్టు పెడుతున్నానని,
ఇంగ్లీషు అక్షరాల్లో, మలయాళపు చెవితో:
'కడుపు గట్టిగైంది సిస్టరూ, గాలి సుత పోతలేదు.'

నాది పాలకొల్లు.
సుత అన్న మాట హాస్టల్లో
ఆర్మూరు పిల్ల దగ్గర నేర్చుకున్నాను,
ఈ పూట చారు సుత లేదే అని నవ్వేది.
ఆ పిసరంత మాటలోనే ఉంది కేసంతా.
గాలి కూడా. గాలి కూడా దాటలేదు.

కానీ నర్సు నోటు చూసి కోడు వెయ్యకూడదు.
నాకు తెలుగు వచ్చన్నది ఆ ఫైల్లో సాక్ష్యం కాదు.
డాక్టరు నోట మాట పెట్టకూడదు,
అడగొచ్చు.

అడిగాను. జిన్సీ రాసిన వాక్యం, దాని అర్థం,
కింద నాలుగు గడులు:
కొంతవరకు. పూర్తిగా. మరేదైనా. చెప్పలేము.
వరస మార్చి మార్చి చూసుకున్నాను,
ఏ గడీ ముందుకొచ్చి చెయ్యి ఊపకుండా.

రెండు రోజులు జవాబు లేదు.
గడువు గురువారమే కదా, సున్నా వేసి తోసెయ్యి
అన్నాడు మా లీడు వర్గీసు. మంచివాడే,
అతని మీదా ఎవరో ఉన్నారు.

గురువారం మూడున్నరకి వచ్చింది: పూర్తిగా.
కింద ఫారం అడగని ఒక వాక్యం,
'ఆ రాత్రి నా చెయ్యి పట్టుకుని చెప్పింది అదన్నమాట.'

రెండు వేశాను.

మూసేముందు మళ్ళీ ఒకసారి తిరగేశాను.
ఆపరేషనైన మూడో రోజు, ఉదయం ఆరింటికి, మళ్ళీ జిన్సీ.
ఎవర్నడిగి నేర్చుకుందో,
ఈసారి ఒక్క అక్షరమూ తప్పుపోలేదు:
'గాలి పోయింది'
పక్కన, చార్టుల్లో ఎవరూ పెట్టని ఆశ్చర్యార్థకం.

ఆడిటరు చూస్తే కొట్టేస్తాడు.
నేను చూడలేదు.