సగం బ్లేడు

మా నాయన చెంగల్రాయుడికి
ఒకటే కత్తి.
పుత్తూరు సంతలో గోనెపట్టా పరిచి
పొద్దు గూకేలోగా ముప్పై గడ్డాలు.
తోలుపట్టీ మీద రెండు తిప్పులు తిప్పి
తెగినచోట పటికముక్క రుద్ది
"ఏం గాదు పో సామీ" అనేవాడు.
ఎవురి నెత్తురు ఎవురికి మోసిందో
కత్తికి తెలీదు,
మా నాయనకీ తెలీదు.

నలభై తొమ్మిదేండ్లకు కండ్లు పచ్చబడినాయి.
కామెర్లన్నారు.
పసరు పోయించినాము,
మణికట్టు మీద వాత పెట్టించినాము,
నలభై దినాలు ఉప్పులేని కూడు.
కడుపు మాత్రం కడవ మాదిరి ఉబ్బింది.
తిరపతి పెద్దాసుపత్రిలో బొమ్మ తీసి చూపించినారు,
కాలేయంలో నిమ్మకాయంత గడ్డ.
"ముందే ఎందుకు రాలేదమ్మా?"
ముందు అనేది యాడుంటాదో
మాకెవురు చెప్పినారు?

ఇప్పుడు నేను కొండ మీద, కల్యాణకట్టలో.
ఒక తలకు సగం బ్లేడు.
గోవిందా అని తడి తల వంచుతారు,
టక్కుమని విరుస్తాను.
ఆ చప్పుడుకల్లా
నాయన పటికముక్క గుర్తొస్తాది.

పోయినేడు మా అందరికీ నెత్తురు పరీక్ష చేసి
సూదులేసినారు.
ఆ దినం ఒకటి, నెలకొకటి, ఆర్నెల్లకొకటి.
నాకు ఎయ్యలేదు.
నా నెత్తురులో ముందే ఉండాదంట.
ఆ రాత్రి చేతులు
తోలూడేదాకా సబ్బుతో కడుక్కున్నా.
డాక్టరమ్మ నవ్వింది:
"ఒక కంచంలో తింటే రాదు, చెయ్యి తాకితే రాదు.
నెత్తురులో వస్తాది, పక్కలో వస్తాది,
కాన్పులో తల్లి నుంచి బిడ్డకొస్తాది.
ఆర్నెల్లకోసారి స్కాన్‌కి రా."

కాన్పు అన్న మాట పట్టుకొని
నా కూతురు హంసవేణిని లాక్కుపోయినా.
దానికప్పుడు ఏడోనెల.
దానికీ ఉంది.

బిడ్డ పుట్టిన రాత్రి
"పురిటిగుడ్డుకు సూదులేంది,
పదకొండో దినం పోనీ" అనింది వియ్యపరాలు.
నేను నర్సమ్మ కొంగు పట్టుకున్నా:
"తల్లీ, తెల్లారేదాకా ఆగొద్దు,
గడియారం పోతా ఉండాది."
నా వేలంత తొడలు రెండు,
రెండిట్లో రెండు సూదులు.
వాడు ఊరంతా లేచేట్టు ఏడ్చినాడు.
నాకు కడుపు నిండింది.

మొన్న వాడికి పుట్టెంటికలు.
నా మనవడే, నా ఒళ్లోనే.
అయినా
కొత్త బ్లేడు విప్పి, విరిచి,
రెండో సగం డబ్బీలో పెట్టినా,
ఇంకెవురి బిడ్డకో.