కొస

తాడు మూడుసార్లు కదిలితే పైకి చేరినట్టు.
రెండే కదిలాయి. మూడోది గాలో, గుంపిలో.
రేడియో బ్యాటరీ అంకె కోసం దాచుకున్నాం.
నా మెడ ఎప్పుడో నొప్పెట్టి, ఊరుకుంది.

సబా అడవిలో ఈ మెరాంటి చెట్టు వేరు
మా ఇంటి గోడకంటే ఎత్తు.
దానికి వీపు ఆనించి కూర్చున్నాను,
కాలివేళ్ళ సందున జలగను ఉప్పుతో వదిలించుకుంటూ.
కోట కినబాలు నుంచి వచ్చిన అమ్మాయి
నోటుపుస్తకం తెరిచి
అంకె కోసం ఖాళీ వదిలింది.
వంద దాటుతుందని ఆమె ఆశ.
దాటితే పేపర్లో వేస్తారట.

పొద్దెక్కాక దిగింది టేపు,
చివరన సీసపు గుండు
తీగల్లో ఇరుక్కుంటూ, విడిపించుకుంటూ,
సంతకు తోలుకెళ్తున్న పందిపిల్లలా.
పట్టుకున్నాను. పైన అతను బిగించాడు.
మా ఇద్దరి మధ్య ఆ పసుపు పట్టీ
సన్నగా రొద చేసింది.
నా అరచేతిలో అతని వణుకు.
లేదా చెట్టుది.

తొంభై ఆరు మీటర్ల నలభై.
అమ్మాయి మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే.
ఖాళీలో రాసుకుంది, చిన్నగా.

"ఇంకా ఉంది, లున్సాయ్," రేడియోలో గరగర,
"కొమ్మ నన్ను మొయ్యనన్న చోట పట్టుకున్నా టేపు.
నా నెత్తిమీద ఇంకో బారెడుంది.
కొసన మూడు లేతాకులు, ఎర్రగా.
అక్కడికి మనిషన్నవాడు పోలేడు."

నేను పోయాను.
అతనికెప్పుడూ చెప్పలేదు గానీ, పోయాను.

మా నాన్న చెట్లను పడుకోబెట్టి కొలిచేవాడు.
రంపం ఆగి, దుమ్ము ఇంకా అణగకముందే
కూలిన మానెక్కి
మడమకు వేలు ఆనించి
అడుగు, అడుగు, పైకి లెక్కపెడుతూ.
వెనకే నేను, ఏడేళ్ళదాన్ని.
కొమ్మలు మొదలయ్యేచోట లెక్క ఆగేది.
అటుపైన కంపెనీకి పనిలేదు.
నాకుంది.
చితికిన గూళ్ళు దాటి, చీమలబారు దాటి
కొసదాకా నడిచేదాన్ని, వట్టి కాళ్ళతో.
అక్కడ ఆకులు ఇంకా తడిగా, ఎర్రగా,
పడిపోయామన్న కబురు
వాటిదాకా రానట్టు.
ఒకటి తుంచి చెవి వెనక దోపుకునేదాన్ని.
ఆ నెల బియ్యం ఆ చెట్టే.

మసకపడ్డాక దిగాడు గుంపిల్, మెడనిండా చీమలు.
ముందు చెప్పులడిగాడు.
"బారెడంటే ఎంత?" అంది అమ్మాయి.
అతను రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.
ఆమె టేపు తీసి
అతన్ని కొలిచింది.