మైనపు పురుగులు

కొస్నిపాత లోయ, పెరూ

మార్లెనీ పచ్చ మైనం ముద్దలు బల్ల మీద పెట్టి
"రోజుకి మూడొందల పురుగులు కావాలక్కా" అంది.
దుంపలు తవ్వే వేళ్ళతో
పురుగులు చుట్టడం మొదలెట్టాను.
వేలెడు పొడవు, చిటికెన వేల్లో సగం లావు.
కళ్ళు అక్కర్లేదు, కాళ్ళు అక్కర్లేదు,
నోరైతే అసలే వద్దు.
ఇవి తినే పురుగులు కావు,
తమని ఎవరు తినబోయారో చెప్పే పురుగులు.

దిగువన, నది ఒడ్డున,
ఆకుకి జిగురు రాసి పురుగుని పడుకోబెట్టి
చెయ్యి తీసేలోపే చీమలు.
మర్నాటికి ఒళ్ళంతా సూదిపోట్లు,
తోక దగ్గర కందిరీగ చెక్కిన గుంట.
పకాయ్ చెట్టు ఆకుల మధ్య
ఆవగింజంత గిన్నెలుంటాయి, తేనె ఊరే గిన్నెలు.
చీమ అందులో తాగుతుంది,
తాగినందుకు ఆకు మీది పురుగుని కరుస్తుంది.
ఏ పూట బాకీ ఆ పూటే తీరిపోయే ఊరది.

లారీలో రెండు గంటలు పైకొస్తే మబ్బు.
చీమలు పల్చబడతాయి.
పువ్వులు ఎర్రబడతాయి.
చలికి తేనెటీగ రెక్క విప్పదు కనుక
పువ్వు తన గొంతు సాగదీసుకుని
గాలిలో నిలబడి తాగే కెంతి పిట్ట కోసం చూస్తుంటుంది.
వానలో కూడా వచ్చే చుట్టం అదొక్కటే.
ఇక్కడ గాట్లు వేరు.
పట్టకారుతో నొక్కినట్టు, అటొకటి ఇటొకటి.
ఏదో పిట్ట నొక్కింది, మోసపోయానని తెలిసి వదిలేసింది.
దాని సిగ్గు కూడా మైనంలో అచ్చుపడింది.

ఇంకా పైన, చెట్లు ఆగిపోయే గట్టు మీద
మూడు రోజులయ్యాక వెళ్ళినా
పెట్టిన పురుగు పెట్టినట్టే ఉంటుంది.
దాని మీద ఉన్నవి నా వేలిముద్రలే.
ఆకులు చిన్నవి, తోలులా మందం.
తినేవాళ్ళు తక్కువ, కాపాడేవాళ్ళూ తక్కువే.
చీమ కుట్టినట్టయినా లేదంటారు చూడండి,
ఈ ఎత్తులో ఆ మాట ధైర్యం కాదు,
పలకరించే దిక్కు లేకపోవడం.

నాలుగేళ్ళు ఇదే లెక్క.
కాగితం మీద గీత పైకెళ్ళేకొద్దీ కిందికి వాలేది,
అలిసిపోయిన లామా మెడలా.

మొన్న జూన్‌లో, గట్టు మీద,
రెండువేల నూట పదిహేడో పురుగు.
నడుం దగ్గర నాలుగు సూదిపోట్లు.
మార్లెనీ భూతద్దం పెట్టి చూసింది,
తీసింది, మళ్ళీ పెట్టింది.
ఆ సాయంత్రం అన్నం వండుతానని బియ్యం కడిగి
పొయ్యి వెలిగించడం మర్చిపోయింది.

లెక్కకెక్కాక దాన్ని అడిగి తీసుకున్నాను.
మా అత్త ఎలుతేరియాకి చూపించాను.
చూపు ఆనదు ఆవిడకి, బొటనవేలితో తడిమింది.
"మీ మామ ఉండగా చేను మూడుసార్లు పైకి జరిపాం.
జరిపిన ప్రతిసారీ దుంప పురుగు వెనకే వచ్చింది.
ఇప్పుడు పురుగుని తినేదీ వచ్చిందన్నమాట.
రానీ. రావడం మంచిదే.
కానీ ఇంకోసారి జరుపుదామంటే
కొండ అయిపోయింది కదే."

అక్కడి నుంచి నాకు నిద్ర పట్టదు.
చీమ వచ్చేసింది.
కాళ్ళున్నది కాబట్టి వచ్చేసింది.
దానికి గిన్నెలో తేనె పోసే చెట్టు
ఇంకా దారిలోనే ఉంది,
ఒక గింజ, ఒక పిట్ట కడుపు,
ఒక మొలక, పదేళ్ళు,
మళ్ళీ ఒక గింజ.
అంతదాకా ఈ గట్టు మీద
దానికి జీతం ఎవరిస్తారు?

నిన్న పురుగులు అంటించడానికి వెళ్ళి
సీసా మూతలో నాలుగు చుక్కల బెల్లం నీళ్ళు పోసి
రాయి పక్కన పెట్టి వచ్చాను.
మార్లెనీకి చెప్పలేదు.
లెక్క చెడిపోతుందంటుంది.
నిజమే, చెడిపోతుంది.